మఖమల్ అడుగు

"ఓడ ఎల్లుండి పదకొండింటికి కదులుతుంది. ఫార్ములా అందులోకి ఎక్కకూడదు. తెచ్చేది మఖమల్ అని అనుమానం," అన్నాడు చీఫ్.

ఆ పేరు వినగానే ఏజెంట్ సెవెంటీన్ తల దించుకున్నాడు. రెండు పక్షాలకూ పనిచేసే ఆ అందగత్తె ఏ వేషమైనా వేయగలదు. అయితే ముఖం మార్చినంత సులువుగా నడక మార్చలేదు. అందుకే ఇనుప పొడి కలిపిన మెత్తటి రబ్బరు పట్టాను రేవు గేటు దగ్గర కార్పెట్ కింద పరవాలని చీఫ్ ప్లాన్. అడుగు పడితే రబ్బరు నొక్కుకుంటుంది, అయస్కాంత క్షేత్రం మారుతుంది, కింది సెన్సార్లు పాదంలో ఎక్కడ ఎంత బరువు పడిందో గ్రాఫ్ గీస్తాయి; వేషానికి పొసగని అడుగు ఇట్టే తెలిసిపోతుంది. ఆ రబ్బరు ఫార్ములా కోసమే విదేశీ ముఠా ఏడాదిగా కాచుకుని ఉంది.

"పట్టా పోయడం మేస్త్రీ ఒక్కడికే వచ్చు. వెళ్ళి తీసుకురా," అన్నాడు చీఫ్.

మేస్త్రీ ల్యాబ్‌లో రబ్బరు కలిపిన మనిషి. నిరుడు మొదటి పట్టా మాయమైనప్పుడు, తాళంచెవి అతని దగ్గరే ఉందని ఉద్యోగం పీకేశారు. రిపోర్టు రాసింది సెవెంటీన్.

తలుపు తీసింది మేస్త్రీ భార్య. "మీరే కదండీ సంతకం పెట్టింది?" అంది, మంచినీళ్ళు అందిస్తూనే. అతను గ్లాసు ముట్టకుండా గట్టు మీద పెట్టేశాడు. మేస్త్రీ మాత్రం చొక్కా మార్చుకుని బయలుదేరాడు. అయస్కాంతాల మధ్య రబ్బరు గట్టిపడేదాకా కూర్చుని, బొటనవేలితో నొక్కి చూసి, "అయింది సార్," అన్నాడు. ఆ 'సార్' సెవెంటీన్‌కి చెంపదెబ్బలా తగిలింది.

ఓడ కదిలే రోజు పదీ యాభై ఆరు. కస్టమ్స్ గుమాస్తా వేషంలో సెవెంటీన్, పక్కన మేస్త్రీ, ఎదురుగా స్క్రీన్. తెల్లగడ్డం, చేతికర్రతో ఒక ముసలాయన కార్పెట్ దాటాడు. బరువు ముందు మునివేళ్ళ మీద, ఆ తర్వాతే మడమ మీద.

ఆ అడుగు సెవెంటీన్‌కి తెలుసు. నిరుడొక సాయంత్రం గొప్పకోసం మేస్త్రీ కోటులోంచి తాళంచెవి తీసి, మఖమల్‌ని ల్యాబ్‌కి తీసుకువెళ్ళాడు. ఆమె నవ్వుతూ ఉత్తకాళ్ళతో పట్టా మీద నడిచింది. మర్నాటికి పట్టా లేదు. తన ఉద్యోగం ఎక్కడ పోతుందోనని అతను నోరు మెదపలేదు.

"చీఫ్, ఆ గడ్డమాయనే మఖమల్. ఆపించండి," అన్నాడు గుండీ మైక్‌లో.

"దౌత్యవేత్త పాస్‌పోర్టయ్యా అది. రుజువు లేకుండా ముట్టుకుంటే మన కొంప మునుగుతుంది. నీకెలా తెలుసు?"

ఓడ కూత వేసింది. ముసలాయన మెట్లెక్కుతున్నాడు. నోరు మూసుకుంటే ఫార్ములా పోతుంది, తన పరువు మిగులుతుంది. మేస్త్రీ వింటున్నాడు.

"నిరుడు ఆమెను పట్టా మీద నడిపించింది నేనే. తాళంచెవి దొంగిలించిందీ నేనే. అప్పటి ఆమె అడుగుల గ్రాఫ్ నా పర్సులో ఉంది." చెబుతున్నంతసేపూ అతను పక్కకి చూడలేకపోయాడు.

రెండు గ్రాఫులూ అచ్చుగుద్దినట్టు కలిశాయి. చివరి మెట్టు మీద గార్డులు చేయి పట్టుకున్నారు. గడ్డం ఊడింది, బోలు కర్రలోంచి ఫార్ములా ఉన్న ఫిల్మ్ రీలు దొరికింది. వెళుతూ మఖమల్ సెవెంటీన్ చేతిలోని పాత గ్రాఫ్ చూసి, "ఇంకా దాచుకున్నావా?" అంది. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

చీఫ్ వచ్చి సెవెంటీన్ ఐడెంటిటీ కార్డు తీసేసుకున్నాడు. మేస్త్రీని సోమవారం నుంచి డ్యూటీలోకి రమ్మన్నాడు. సెవెంటీన్ క్షమించమని అడగబోయేలోపే మేస్త్రీ పట్టా వైపు చెయ్యి చూపించాడు.

"బూట్లు విప్పి ఒకసారి తొక్కండి సార్," అన్నాడు మేస్త్రీ. "మీ అడుగు కూడా ఫైల్లో ఉండాలి."

అతను తొక్కాడు. స్క్రీన్ మీద గీత ఒక్కచోట నిలవకుండా వణికింది. మేస్త్రీ దాన్ని చాలాసేపు చూశాడు.

"పట్టా బాగానే పనిచేస్తోంది," అన్నాడు.