మగ్గానికి సెలవు రోజు

"మగ్గం ఆడటం లేదని రాసింది మీరేనా?"

చంద్రమోహన్ తలెత్తాడు. హిందూపురంలోని ఇంటి రుణాల ఆఫీసులో అతని బల్ల ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. చున్నీ కొస నుంచి వాన నీళ్ళు కారుతున్నాయి. ధర్మవరం నుంచి రైల్లో వచ్చిన అమృత, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేనేనండీ. లోన్ ఇచ్చే ముందు తనిఖీ చేయాల కదా. మీ ఇంటికి వచ్చినా, మీరు లేరు. మగ్గం మీద గుడ్డ కప్పి ఉండాది. ఉన్నదే రాసినా."

"ఆ పొద్దు ఏం దినమో చూసుకున్నారా?"

"మంగళవారం."

"అమావాస్య. ఆ పొద్దు మేం మగ్గం ముట్టుకోం. నేను ఆదివారం ఈడికొచ్చి, తలుపుకు బీగం ఉండాది, ఆఫీసు ఎత్తేసినారని రాస్తే?"

పక్క బల్ల దగ్గరి ప్రేమలత నవ్వాపుకోలేక ఫైలు అడ్డం పెట్టుకుంది. చంద్రమోహన్ చెవులు ఎర్రబడ్డాయి.

అమృతకు అంత కోపం ఊరికే రాలేదు. అవ్వ ఓబులమ్మతో కలిసి చిన్నప్పటి నుంచి అద్దె ఇళ్ళు మారుతూనే ఉంది. మగ్గాన్ని విప్పి బండెక్కించవచ్చు. కాళ్ళు పెట్టుకునే గుంతను ఎక్కించలేరు. ప్రతి ఇంట్లోనూ దాన్ని పూడ్చి పోవాలి. మట్టి వేస్తూ అవ్వ ఏడ్చేది. ఇక పూడ్చేది లేదనుకుని అమృత, ఆ ఊళ్ళోనే రంగప్ప అనే ఆయన ఇల్లు బేరం చేసింది. శుక్రవారం లోపల లోన్ రాకపోతే అతను వేరేవాళ్ళకు అమ్మేస్తాడు.

"మీ ఖాతాలో రెండు నెలలు ఏమీ లేదు. తర్వాత ఒక్కసారిగా పడింది. యాడి నుంచి వచ్చిందని పైవాళ్ళు అడుగుతాండారు."

"ఒకసారి మగ్గానికెక్కించిన వార్పు పోగుల మీది చీరలన్నీ నేసి కోస్తేనే షావుకారు కూలి ఇచ్చేది. సగం చీరకు ఎవరిస్తారు సార్? రేపు వచ్చి కూర్చొని చూడండి. నేను యాడికీ పారిపోను."

మరునాడు అతను వచ్చి మగ్గం పక్కన కూర్చున్నాడు.

"మీరు చూస్తాంటే పోగు తెగతాండాది. గోడ పక్క చూడండి," అంది అమృత.

"గోడ మీద రిపోర్టు రాయలేను కదా."

అవ్వ కాఫీ తెచ్చింది. "యా ఊరప్పా?"

"పెనుకొండ అవ్వా."

"పెండ్లయిందా?"

"అవ్వా, ఆయప్ప తనిఖీకి వచ్చినాడు," అని గొణిగింది అమృత.

"నేను చేసేదీ తనిఖీనే లేమ్మా."

పోతూ పోతూ అతను గుమ్మం దగ్గర ఆగాడు. "లోన్ చేతికొచ్చే వరకు కొత్త అప్పు చేయొద్దు. ఖాతాలో ఎవరితోనూ దుడ్లు వేయించుకోవద్దు." ఇంకేదో చెప్పబోయి, చెప్పకుండానే వానలోకి దిగాడు.

బుధవారం ప్రేమలత ఫోన్ చేసింది. "మీ ఫైలు ఇప్పుడు నా దగ్గర ఉండాది. చంద్రమోహన్ వద్దనేసినాడు."

వదిలిపోయే మనుషులు అమృతకు కొత్త కాదు. ఏడవలేదు. అడిగిన ప్రతి దానికీ జవాబు చెప్పింది. షావుకారు దగ్గర కూలి రసీదులు తెచ్చి పంపింది. శుక్రవారం లోన్ వచ్చింది, రిజిస్ట్రేషన్ అయింది.

ఆ సాయంత్రమే అవ్వ లోపల సామాన్లు సర్దుతుంటే, అమృత కొత్త ఇంటి ముందు గదిలో మగ్గం గుంతకు గడ్డపార పట్టింది. గుంత మోకాలి లోతు దిగేసరికి వాకిట్లో గొడుగు కనిపించింది.

"ఫైలు వద్దన్న మనిషికి ఈడ ఏం పని?"

"మగ్గం ఆడతాండాదని రిపోర్టు రాసే ఇచ్చినా," అన్నాడు చంద్రమోహన్. "ఆ తర్వాత ఆ ఫైలు నేను ముట్టుకోకూడదు. పెండ్లి చేసుకోవాలనుకున్న అమ్మాయికి నేనే లోన్ ఇప్పిస్తే, నీ ఇల్లు నా దయ వల్ల వచ్చిందంటారు."

గడ్డపార ఆగింది.

"నన్ను అడగకుండానే అనుకున్నారా?"

"అడిగేదానికే వచ్చినా."

"నేను పెనుకొండకు రాను. ఈ గుంత పూడ్చను."

"పూడ్చమనను. ధర్మవరానికి రైలుండాది, నేనే వస్తా. మంచి రోజు చూసి మా అమ్మను తీసుకొస్తా."

"మంచి రోజుల్లో నాకు తీరిక లేదు. అమావాస్య పొద్దు రాండి."

"అమావాస్య పొద్దు పెండ్లిచూపులా? మా అమ్మ ఏమంటుందో..."

"మగ్గానికి సెలవు ఆ పొద్దే. మీ అమ్మను ఒప్పించుకోండి, లేదంటే రావద్దు."

చంద్రమోహన్ గొడుగు గోడకు ఆనించాడు. చొక్కా చేతులు మడిచి, గుంతలోకి దిగి ఆమె చేతిలోని గడ్డపార అందుకున్నాడు.

"అవ్వా," అని లోపలికి కేకేశాడు, "క్యాలెండర్ యాడుండాది?"