బీరువాలో బూట్లు

"మా పాప బూట్లేవీ?"

అలర్జీ వార్డు నర్సు తలెత్తకుండానే చేతిలోని తాళంచెవి చూపించింది. "బీరువాలో ఉన్నాయి. రెండున్నరకి ఇస్తాను."

"బూట్లు దాస్తారా! ఇది ఆసుపత్రా, దొంగల ముఠానా?"

"పరీక్ష అవ్వగానే అందరూ గుమ్మం దాటేస్తున్నారండీ. బూట్లుంటే కాళ్లు ఆగవు."

అతను లిఫ్టు మెకానిక్. అక్కకి సెలవు దొరక్క మేనకోడల్ని తనే తీసుకొచ్చాడు. ఆరేళ్ల ఆ పిల్లని ఇంట్లో అందరూ ఉడత అంటారు. ఉడతకి గుడ్డు పడదు. ఊహ తెలిశాక ఏ పుట్టినరోజుకీ కేకు ముక్క నోట పెట్టలేదు. ఇప్పుడేమైనా పడుతుందేమో చూద్దామని, పొద్దుటి నుంచి ఉడికించిన గుడ్డుని ఆవగింజంతతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుతూ తినిపించారు. పన్నెండున్నరకి ఆఖరి ముక్క తింది. ఆ తర్వాత రెండు గంటలు కదలకుండా ఇక్కడే ఉండాలన్నారు. ఒంటిమీద ఒక్క దద్దురు లేదు.

"ఒకటిన్నరైంది సిస్టర్. పాప గుండ్రాయిలా ఉంది. అక్కడ లిఫ్టు ఆగిపోయి జనం ఐదంతస్తులు ఎక్కుతున్నారు."

"లిఫ్టు బాగుచేయగానే మనుషుల్ని ఎక్కించేస్తారా?"

"అమ్మో! ముందు ఖాళీగా పదిసార్లు తిప్పి చూడాలి."

"ఎందుకూ? బాగైందిగా?"

అతను వెనక్కొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"మామయ్య ఓడిపోయాడు!" ఉడత కిసుక్కున నవ్వింది. నర్సూ నవ్వింది. నవ్వితే ఆమె ఎడమ బుగ్గ సొట్ట పడుతుంది. అది చూసేసరికి అతని కోపం సగం దిగింది. మిగతా సగాన్ని పరువు కోసం మొహం మీద అలాగే ఉంచుకున్నాడు.

రెండుంబావుకి ఉడత బొమ్మలు వేయడం ఆపి మెడ గోక్కుంది. దగ్గింది. చూస్తుండగానే ఎర్రటి దద్దుర్లు చెవులదాకా పాకాయి. ఊపిరి పిల్లికూతలు పెట్టింది.

నర్సు ఒక్క అంగలో మంచం దగ్గరికి చేరింది. తొడకి ఇంజక్షన్ ఇచ్చి, డాక్టర్ని కేకేసి, "ఏం కాదు ఉడతా, నావైపే చూడు" అంటూనే ఉంది. పావుగంటకి పిల్ల ఊపిరి కుదుటపడింది.

బూట్లు చేతికిచ్చి ఉంటే ఈపాటికి తామిద్దరూ బస్సులో ఉండేవాళ్లు.

"బూట్లు సాయంత్రం దాకా మీ దగ్గరే ఉంచండి" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"ఇంక నాకు కేకు ఎప్పటికీ లేదా?" ఉడత బిక్కమొహం పెట్టింది.

"ఇప్పటికి లేదంతే. వచ్చే ఏడు మళ్లీ చూద్దాం" అంది నర్సు, దాని జుట్టు సవరిస్తూ.

పిల్లెలా ఉందో అడగడానికి మర్నాడు ఆమె ఫోన్ చేసింది. ఆ తర్వాత అడగడానికేమీ లేకపోయినా ఇతను చేశాడు. వారానికోసారి, తర్వాత రోజుకోసారి.

"ఒరేయ్, ఉడత గురించి కన్నతల్లిని నాకే ఇన్ని సందేహాలు లేవురా!" అంది అక్క. "ఆ అమ్మాయిని ఇంటికి తీసుకురా, నేనే అడుగుతాను."

ఏడాది గడిచింది. ఈసారి పరీక్ష కేకుతోనే. కేకులో బాగా కాలిన గుడ్డు కొందరు పిల్లలకి తేలిగ్గా పడుతుందన్నారు డాక్టరు. ఉడత కళ్లు మూసుకుని మరీ తింది. రెండు గంటలయ్యాయి. అతను బతిమాలి ఇంకో గంట ఉంచమన్నాడు. మెడమీద మచ్చ లేదు, దగ్గు లేదు. మూతికి కేకు పొడి మాత్రం ఉంది.

నర్సు బీరువా తెరిచి బూట్లిచ్చింది. ఆమె తాళం వేయబోతుంటే అతను తన బూట్లు విప్పి చేతికందించాడు. "ఇవీ లోపల పెట్టండి."

"మీరేం తిన్నారని?"

"ఏమీ తినలేదు. ఏడాదిగా తిండి సయించట్లేదు. మిమ్మల్ని చేసుకోవాలనుంది."

ఆమె ఎడమ బుగ్గ సొట్ట పడింది. "ఎన్నింటికి ఇవ్వాలి?"

"మీరు వెళ్లమంటే ఇప్పుడే ఇచ్చేయండి."

ఆమె ఉడత వైపు చూసింది, బూట్ల వైపు చూసింది. బూట్లు లోపల పెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంది.

"ఐదింటికి నా డ్యూటీ అవుతుంది. మీ అక్కని చూడ్డానికి వస్తాను. అందాకా కూర్చోండి."

అతను ఉత్తకాళ్లతో బల్ల మీద కూర్చున్నాడు. గడియారం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.