నలభయ్యో మోకాలు

సలహా మండలి ఏడాదికోసారి వస్తుంది. ఐదుగురు శాస్త్రవేత్తలు, ఐదు కళ్లజోళ్లు. కీళ్ల అరుగుదలను స్కానింగ్ బొమ్మల్లో ముందుగానే పసిగట్టవచ్చా అన్నది మా పరిశోధన. మేం ఏడాదంతా చేసినదాన్ని వాళ్లు ఒక పూటలో తప్పుపట్టి, బిస్కెట్లు తిని వెళ్లిపోతారు. ఈసారి వచ్చినప్పుడు మాత్రం పొగిడారు.

నేను స్కానింగ్ టెక్నీషియన్ని. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, మోకాలికి చట్రం బిగించి, సొరంగంలాంటి యంత్రంలోకి పంపడం నా పని. చేతిలో రబ్బరు బంతి ఒకటి పెడతాం. భయమేస్తే దాన్ని నొక్కాలి, నొక్కితే అద్దానికి ఇవతలున్న నా గదిలో బజర్ మోగుతుంది. ఇరవై నిమిషాలు కదలకూడదు. కదిలితే బొమ్మ అలుక్కుపోతుంది, పని మళ్లీ మొదటికొస్తుంది. పేర్లు పొక్కకూడదని ప్రతి మోకాలికీ ఒక అంకె ఇస్తాం. ఏ అంకె ఎవరిదో రాసిన రిజిస్టరు నా దగ్గరే ఉంటుంది, పరిశోధన నడిపే మా డాక్టరు గారు కూడా చూడకూడదు. ఒకటో నంబరు నాదే. నా కుడి మోకాలి చిప్ప కింద శనగగింజంత ఎముక ముక్క ఊడి తేలుతూ ఉంటుంది.

నలభై మోకాళ్లు పూర్తయితేనే నా ఉద్యోగం ఇంకో మూడేళ్లు పొడిగిస్తామన్నారు. ముప్ఫైతొమ్మిది అయ్యాయి. నలభయ్యో చోటుకి ఇద్దరొచ్చారు, ఇద్దరూ కదిలి పాడుచేసి పోయారు. గడువు ముంచుకొచ్చింది. చివరికి ఒక సెలవు రోజున, ఎవరికీ చెప్పకుండా, మా మామగారినే తీసుకెళ్లాను.

మామయ్య నోట్లో నాలుక లేని మనిషి. ఇరుకు అంటే భయం. లిఫ్టు ఎక్కరు, బాత్రూం గడియ పెట్టుకోరు. అయినా కోడలు అడిగిందని వచ్చారు. పొట్టివారు కావడంతో మెడదాకా లోపలికి వెళ్లిపోయారు. పదహారో నిమిషంలో బజర్ మోగింది.

"అమ్మాయ్... ఊపిరాడట్లేదమ్మా."

"కదలకండి మామయ్యా. నాలుగు నిమిషాలే."

బజర్ మళ్లీ మోగింది. చెవిలో జోరీగలా మోగుతూనే ఉంది. మీట నొక్కి ఆపేశాను.

నాలుగు నిమిషాల తర్వాత బల్ల బయటికి తెస్తే, ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. ఊపిరి లేదు. చక్రాల కుర్చీలో వరండాలోకి చేర్చాను. నేను ఇంట్లో మర్చిపోయిన తాళంచెవులు ఇవ్వడానికొచ్చి కూలిపోయారని అందరికీ చెప్పాను. "ఆఖరి ఘడియలో నువ్వైనా పక్కనున్నావు" అని మా ఆయన నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. బొమ్మను మాత్రం చెరపలేదు. రిజిస్టరులో నలభైకి ఎదురుగా ఏదో పేరు రాసి పెట్టాను.

ఎనిమిది నెలలకు మండలి వచ్చింది. మిట్టమధ్యాహ్నమే అయినా, బొమ్మలు బాగా కనబడాలని కిటికీ తెరలు దించి దీపాలార్పారు. చల్లారిన కాఫీ వాసన. ఏసీ నీళ్లు కారి తడిసిన తివాచీ వాసన. గోడ మీది తెరపై మోకాళ్లు ఒక్కొక్కటే వచ్చి పోతున్నాయి. మండలికి పెద్ద అయిన ప్రొఫెసరమ్మ నలభై దగ్గర ఆపమంది.

చివరి నాలుగు నిమిషాల్లో తీసిన బొమ్మలు చూడమంది. మిగతా అందరిలోనూ కనీసం నాడి కొట్టుకునే అదురైనా ఉందట, ఇందులో అదీ లేదట. "బతికున్న మనిషి ఇంత నిలకడగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు" అంది. డాక్టరు గారు గర్వంగా నావైపు చెయ్యి చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తేలు కుట్టిన దొంగలా నవ్వాను.

ఆరు నెలలకు మళ్లీ తీయాల్సిన ఇతని రెండో స్కాను ఏదని ఆమె అడిగింది. అతను రావడం మానేశాడని చెప్పబోయాను. ఈలోగా డాక్టరు గారు, ఇదిగో ఉందిగా అంటూ తెరిచారు.

నలభై. రెండో స్కాను. తేదీ ఇవాళ్టిదే. ఇంకా నడుస్తోంది.

స్కానింగ్ గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి నా జేబులో ఉంది.

అదే మోకాలు. చిన్నప్పుడు మామయ్య నిచ్చెన మీంచి పడినప్పుడు చిట్లిన గీత, అదే చోట. కానీ బొమ్మంతా అలుక్కుపోయింది. కాలు గింజుకుంటోంది... ఒక్కో బొమ్మలో ఇంకొంచెం ఎక్కువగా. మూలన అంకెలు. మిగిలిన సమయం నాలుగు నిమిషాలు.

"కదలొద్దని చెప్పలేదా అమ్మా?" అంది ప్రొఫెసరమ్మ.

"చెప్పాను."

వరండా చివర నా గదిలో బజర్ మోగింది.

వెళ్లి చూడమన్నారు. వరండా చివరికి నడిచాను. తాళం తీశాను. యంత్రం టకటకా కొట్టుకుంటోంది. అద్దం అవతల బల్ల సొరంగంలోకి పోయి ఉంది. దాని మీద దుప్పటి కప్పి ఉంది, కింద ఎవరూ లేనంత పల్చగా. గదంతా మామయ్య రాసుకునే నొప్పుల తైలం వాసన. మైకులో ఎవరిదో ఊపిరి... ఆగి... ఆగి...

"అమ్మాయ్..."

నా ముందు రెండు మీటలున్నాయి. ఒకటి బల్లను బయటికి తెస్తుంది. రెండోది బజర్ ఆపుతుంది. వరండాలో డాక్టరు గారి అడుగులు దగ్గరయ్యాయి. ఆయన లోపలికొస్తే ఈ గొంతు వింటారు. తర్వాత సంగతి మా ఆయన చెవిన కూడా పడుతుంది.

బజర్ ఆపేశాను.

చప్పుళ్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. లోపల ఎవరూ లేరని, యంత్రంలో ఏదో లోపమని గుమ్మంలోనే డాక్టరు గారికి చెప్పి, తాళం వేసి ఆయన వెనకే వచ్చాను.

చీకటి గదిలో బొమ్మలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఇప్పుడవి తేటగా ఉన్నాయి. అదురు లేదు. నాడి కూడా లేదు. ప్రొఫెసరమ్మ మురిసిపోతోంది. కాకపోతే ఇది ఇందాకటి మోకాలు కాదే అంటూ, చిప్ప కింద శనగగింజంత ఎముక ముక్కను వేలితో చూపించింది.

కూర్చుందామని కుర్చీ లాక్కున్నాను. కుడి మోకాలు వంగలేదు. చట్రం బిగించినట్టుంది. పిలుద్దామంటే ఊపిరి అందలేదు. అరచేతిలో ఏదో మెత్తగా తగిలింది. రబ్బరు బంతి... ఇంకా వెచ్చగా ఉంది. నేను తేలేదు.

నొక్కాను. మళ్లీ నొక్కాను. బజర్ మోగలేదు. దాన్ని నేనే ఆపి వచ్చాను.

నావైపు ఎవరూ చూడటం లేదు, అందరూ తెరనే చూస్తున్నారు. మూలన మిగిలిన సమయం నాలుగు నిమిషాలని ఉంది. అప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను. అది మారడం లేదు.