బాల్కనీలో దానిమ్మ

పై అంతస్తు బాల్కనీలోంచి నీళ్ళు మళ్ళీ తన ఆరేసిన చొక్కాల మీదే పడేసరికి, కింది వాటాలో ఉండే చేపల షాపతనికి ఒళ్ళు మండింది. అలంకారానికి పెంచే రంగు చేపలు, గాజు తొట్టెలు అమ్ముతాడతను. విసవిసా మెట్లెక్కి తలుపు కొట్టాడు.

తలుపు తీసిన అమ్మాయి చేతిలో మగ్గు ఉంది. కళ్ళలోనూ నీళ్ళున్నాయి. అతను కూడగట్టుకుని వచ్చిన తిట్లన్నీ పక్కనపెట్టి, ఏమైందని అడిగాడు.

ఆమె పళ్ళ డాక్టరు. తండ్రి మోకాలి ఆపరేషన్ చేయించుకుని పెద్దకూతురి ఇంట్లో కోలుకుంటున్నాడు. ప్రాణంలా పెంచుకున్న దానిమ్మ బోన్సాయ్‌ని ఈమెకు అప్పగించి వెళ్ళాడు. జానెడు చెట్టు. దాని ఆకులు పండిపోయి రాలుతున్నాయి. రాలేకొద్దీ ఈమె హడలిపోయి పొద్దునా సాయంత్రం నీళ్ళు కుమ్మరిస్తోంది.

అతను కుండీ ఎత్తి, వాసన చూసి, ముందు నీళ్ళు ఆపమన్నాడు.

"ఎండిపోతుంటే నీళ్ళు పోయొద్దంటారేంటండీ? ఎక్కువైతే అడుగునుంచి పోతాయిగా."

"పోవట్లేదండీ. పొర్లి నా చొక్కాల మీదకొస్తున్నాయి. కన్నాలు పూడుకుపోయి ఉంటాయి. గాలాడక వేళ్ళు కుళ్ళుతున్నాయి."

చేపలమ్మే మనిషికి చెట్ల సంగతేం తెలుసని ఆమె నిలదీసింది. నీళ్ళలో గాలి లేకపోతే చేపలే బతకవు, ఇక వేళ్ళెంత అన్నాడతను.

చెట్టును మెల్లగా పైకి తీశారు. వేళ్ళు సగం నల్లబడి మెత్తగా ఉన్నాయి. ఆమె ముఖం పాలిపోయింది. లోపలికెళ్ళి గ్లవ్స్ వేసుకొచ్చింది.

"పుచ్చినవి తీసెయ్యడం నా వృత్తే. మీరు కదలకుండా పట్టుకోండి చాలు."

అతను షాపు నుంచి గరుకు ఇసుక, సన్న గులకరాళ్ళు తెచ్చాడు. కన్నాలు శుభ్రం చేసి చెట్టును మళ్ళీ నాటారు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే అతను వచ్చి మట్టిలో వేలు పెట్టి చూసేవాడు. పైన ఆరితేనే నీళ్ళు. ఆ విద్య ఆమెకు ఇట్టే పట్టుబడింది. అయినా అనుమానంగానే ఉందని చెప్పేది. అతనూ వేలు తియ్యడానికి తొందరపడేవాడు కాదు.

ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. చెట్టు బయటే ఉందని గుర్తొచ్చి, ఆమె క్లినిక్ మూసి పరుగెత్తుకొచ్చింది. గేటు దగ్గరే ఆగిపోయింది. అతను తన బాల్కనీలోంచి బయటకు వంగి ఉన్నాడు. కర్టెన్ రాడ్డు చివర విప్పిన గొడుగు కట్టి, పై బాల్కనీలోని చెట్టుకు అడ్డంగా పట్టుకున్నాడు. వానంతా అతని మీదే కురుస్తోంది. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ నవ్వుతున్నారు.

"చెట్టు కోసం ఇంత తడవాలా?" అని కింద నుంచే అడిగింది.

"చెట్టు కోసమే అయితే ఎప్పుడో లోపలికెళ్ళిపోయేవాణ్ణండీ."

ఆమె గబగబా మెట్లెక్కింది. తల తుడుచుకోవడానికి తువ్వాలు తెచ్చిచ్చింది.

తండ్రి ఇంటికొచ్చేసరికి కొమ్మల నిండా ఎర్రటి చిగుళ్ళు. తను చెట్టును చంపబోయిన సంగతీ, అతను రోజూ వచ్చి కాపాడిన సంగతీ ఆమె దాచకుండా చెప్పేసింది. ఆయన చిగుళ్ళను తడిమి, గోడకు అతుక్కుపోయి నిలబడ్డ అతనివైపు తిరిగాడు.

"చెట్టు బాగుపడింది కదా బాబూ, ఇక పైకి రావడానికి ఏం వంక పెడతావు?"

అతను ముందుకొచ్చి కుండీ మట్టిలో వేలు పెట్టి చూశాడు.

"వంకలెందుకు నాన్నా, నేనే రమ్మన్నాను. రోజూ," అందామె.

ఆయన చేతికర్రతో పక్కనున్న కుర్చీని అతనివైపు నెట్టాడు.