నౌషీన్ కొత్త గోళ్లు

"ఒక్క దినం పెట్టుకుంటే ఏమైతది జహీరా? పెండ్లి ఇంట్ల పిల్ల చేతులు బోసిగ ఉంటే మంచిగుంటదా?" అంది దాదీ కోడలితో, ఉల్లిగడ్డల పొట్టు తీస్తూనే.

"నిన్న గూడ గిదే మాట, మొన్న గూడ గిదే మాట. నేను వద్దన్ననంటే వద్దన్న." అమ్మీ పోపులో గరిటె గట్టిగా తిప్పింది. గరిటె చప్పుడులోనే కోపం వినబడుతోంది.

ఇద్దరూ పోట్లాడుకునేది బీరువా మీదున్న చిన్న డబ్బా గురించి. కాటారంలో ఉండే ఖాలా, అంటే అమ్మీ చెల్లెలు, ఒక చుట్టంతో పంపింది. అందులో పది ప్లాస్టిక్ గోళ్లు, ఒక గమ్ము ట్యూబ్ ఉన్నాయి. గులాబీ రంగు మీద వెండి మెరుపులు. వచ్చే ఆదివారం ఖాలా నికా. డబ్బా వచ్చినప్పటి నుంచి నౌషీన్ చూపు బీరువా మీది నుంచి దిగడం లేదు.

"పాలిష్ లెక్క కాదు కదనే ఇవి. నమాజు టైంకు తీసి పక్కన పెట్టొచ్చు. మళ్ల పెట్టుకోవచ్చు," అంది దాదీ.

"పిల్ల గోర్లు ఎట్లున్నయో మీరు చూస్తలేరా అమ్మా?"

గడపలో కూర్చుని అట్టముక్క మీద 'జై తెలంగాణ' అని రాస్తున్న ఆమెర్ తలెత్తాడు. "నౌషీన్ గోర్లు గూడ సమ్మెల ఉన్నయ్ అమ్మీ. ఇప్పట్ల డ్యూటీకి ఎక్కవు," అన్నాడు.

"జర నీ నోరును గూడ సమ్మెకు పంపు భయ్యా!" అంది నౌషీన్.

అది తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న కాలం. బడులు మూతపడ్డాయి. బస్సులు తిరగడం లేదు. భూపాలపల్లి గనుల్లో పనిచేసే అబ్బా, గులాం మొహిద్దీన్, రోజూ డ్యూటీకి బదులు సమ్మె శిబిరానికి పోతున్నాడు. ఆ రోజు చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే కూర్చుని తినాలి. క్వార్టర్లలో ప్రతి ఇంటి నుంచీ ఒక కూరో, అన్నమో పోవాలి. అమ్మీ, దాదీ ఆ హడావిడిలో ఉన్నారు.

నిజానికి నౌషీన్ గోళ్లు పాడైంది ఈ బడిలేని రోజుల్లోనే.

ఆ యేడు రంజాన్ నుంచి ఆమె దాదీ పక్కన నిలబడి నమాజు చదువుతోంది. పదేళ్ల పిల్ల ఒక్క పూట కూడా తప్పడం లేదని దాదీ వాడంతా చెప్పుకుంది. అయితే నమాజుకు ముందు వజూ చేయాలి. చేతులూ ముఖం కాళ్లూ కడుక్కోవాలి. గోళ్ల మీద రంగు ఉంటే నీళ్లు గోరును తాకవు. అప్పుడు వజూ కానట్టే.

నౌషీన్‌కు నమాజూ కావాలి, రంగూ కావాలి. రంగు తుడిచే మందు కొందామంటే బంద్ వల్ల గాజుల దుకాణం షట్టరు దించి ఉంది. అందుకే అబ్బా గడ్డం గీసుకునే పాత బ్లేడుతో రంగును గీకేసేది. నమాజు కాగానే పక్క క్వార్టర్ మౌనికతో కూర్చుని మళ్లీ వేసుకునేది. మళ్లీ అజాన్ వినబడగానే మళ్లీ బ్లేడు.

రంగుతో పాటు గోరు కూడా పొరలు పొరలుగా లేచిపోతోందని ఆమెకు కొన్నాళ్లు తెలియనే లేదు. తెలిశాక భయపడి, ఎవరికీ కనబడకుండా ఇంకా మందంగా రంగు పూసింది. ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే దండెం తీగకు తగిలి ఎడమచేతి ఉంగరపు వేలి గోరు సగానికి చీలింది. కుడిచేతి గోళ్లు కూడా ఉల్లిపొరలా అయ్యాయి. ఆ పూట పచ్చిపులుసు కలుపుకోబోతే చెయ్యి భగ్గుమంది. ఆమె ఏడుపు విన్నాకే ఇంట్లో వాళ్లకు సంగతి తెలిసింది.

మౌనిక వాళ్లమ్మ రాధ దవాఖానలో నర్సు. నౌషీన్ వేళ్లు పట్టుకుని ఒక్కొక్కటే చూసింది.

"పొట్టిగ కత్తిరించుకో. రోజూ కొబ్బరినూనె రాయి. గీకుడు లేదు, కొరుకుడు లేదు, రంగు లేదు. గుడ్డు, పల్లీలు, ఆకుకూర మంచిగ తిను," అంది.

"ఎప్పటికి మంచిగైతయ్ ఆంటీ?"

"గోరు గీ మొదట్ల నుంచి పుడ్తది బిడ్డా. కొత్తది వచ్చుకుంట పాతదాన్ని ముందుకు నూకుతది. మనం కొసలు కత్తిరించుకుంట పోవాలె. నెలలు పడ్తది."

నెలలు! అప్పటికి ఖాలా పెళ్లికి ఉన్నవి వారాలే.

అందుకే బీరువా మీది డబ్బా అంటే నౌషీన్‌కు అంత ఆశ. పెళ్లిలో ఖాలా పక్కన కూర్చోవాలి. చుట్టాల పిల్లలందరూ చేతులు చూపించుకుంటారు. అప్పుడు ఈ మొండి వేళ్లను ఎక్కడ పెట్టుకోవాలి?

కూర తీసుకుపోవడానికి అబ్బా బండి మీద వచ్చాడు. "ఏంది లొల్లి? బయటికి వినబడుతున్నది," అన్నాడు.

"నీ బిడ్డ గోర్ల లొల్లి," అంది దాదీ.

"మరి బిడ్డను అడిగిండ్రా?"

అందరూ నౌషీన్ వైపు చూశారు. పెట్టుకుంటానంటే అమ్మీ ముఖం మాడుతుంది. వద్దంటే తన మనసు ఒప్పదు. ఆమె తన వేళ్లను పిడికిట్లో దాచుకుంది.

అబ్బా కొబ్బరినూనె సీసా అందుకుని ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక్కో వేలికీ నూనె రాస్తూ, "గిటు చూడు. మొదట్ల నున్నగ వస్తున్నది, కొత్తది," అన్నాడు.

నిజమే. ఉంగరపు వేలి మొదట్లో బియ్యపు గింజ మందాన గోరు గీతలు లేకుండా మెరుస్తోంది.

"గింతేనా?" అంది నౌషీన్.

అబ్బా తన బొటనవేలు చూపించాడు. "పోయినేడు దీని మీద బొగ్గు పెళ్ల పడ్డది. యాదికున్నదా? మొత్తం ఊడిపోయింది."

ఇప్పుడు ఆ వేలికి మందంగా, గట్టిగా గోరు ఉంది. "మళ్ల ఎప్పుడొచ్చింది అబ్బా?"

"ఏమో బిడ్డా. రోజూ చూసినన్ని దినాలు రాలే. చూసుడు మరిచిపోయినంక ఒకనాడు చూస్తే ఉన్నది."

"తెలంగాణ గూడ గట్లనే వస్తదా అబ్బా?" అన్నాడు ఆమెర్.

"మరిచిపోతే అది రాదురా. దాని కోసం రోజూ పోయి కూసోవాలె. లే, కూర గంజు పట్టు!"

నవ్వుకుంటూ అందరూ బయల్దేరారు. "మౌనికతోని వస్త," అని నౌషీన్ ఉండిపోయింది.

వాళ్లు మలుపు తిరగగానే స్టూల్ ఎక్కి డబ్బా దించింది.

ఎడమచేతికి ఐదు గోళ్లూ అంటించుకుంది. గమ్ము చల్లగా తగిలి, క్షణంలో బిగిసింది. అద్దం ముందు నిలబడి షర్బత్ గ్లాసు పట్టుకున్నట్టు చెయ్యి ఎత్తింది. మెరుపులు మెరిశాయి. అది తన చెయ్యే అంటే తనకే నమ్మబుద్ధి కాలేదు.

అంతలో మసీదు నుంచి మధ్యాహ్నపు అజాన్ వినబడింది.

తీసి పక్కన పెట్టొచ్చని దాదీ అంది కదా! నౌషీన్ చిటికెన వేలి ప్లాస్టిక్ గోరును పట్టుకుని లాగింది. రాలేదు. ఇంకా గట్టిగా లాగింది. టప్పున వచ్చింది.

"అమ్మీ!"

ఇంట్లో ఎవరూ లేరు. ప్లాస్టిక్ గోరు లోపలి వైపు తన గోరు పొర తెల్లగా అంటుకుని ఉంది. వేలి మీద మిగిలింది ఎర్రగా, గరుకుగా కనబడుతోంది. ఆ వేలికి ఇన్నాళ్లుగా నూనె రాసి పెంచుకున్న బియ్యపు గింజంత కొత్త ముక్క కూడా లేచిపోయింది.

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకా నాలుగు గోళ్లు అంటుకునే ఉన్నాయి. వాళ్లు వచ్చేలోపు ఇవి కూడా లాగేస్తే? పైన మందంగా రంగు పూసేస్తే? పాత పాలిష్ సీసా అలమారలోనే ఉంది. చెయ్యి అటు పోయింది కూడా.

సీసా మూత సగం తిప్పి ఆగింది. మూత మళ్లీ బిగించి, డబ్బా చేత్తో పట్టుకుని, ఇంటికి తాళం వేసింది. మౌనికను పిలవడం కూడా మరిచిపోయి చౌరస్తాకు నడిచింది.

చౌరస్తా నిండా పొయ్యిలు, పొగ, పాటలు. అమ్మీ ఆడవాళ్ల మధ్య అన్నం గంజు దగ్గర ఉంది. నౌషీన్ ఎదురుగా నిలబడి ఎడమచెయ్యి చాపింది.

"అమ్మీ, నేను పెట్టుకున్న. ఒకటి గుంజిన. నొస్తున్నది."

అమ్మీ గరిటె పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తిడుతుందని నౌషీన్ కళ్లు మూసుకుంది.

"మిగిలినవి ముట్టినవా?" అంది అమ్మీ.

"లే."

"ముట్టకు. కూసో."

ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసింది. పక్క పొయ్యి దగ్గరున్న రాధను అడిగి సబ్బు కాస్త కలిపింది. నౌషీన్ చెయ్యి అందులో ముంచింది. కాసేపటికి బయటికి తీసి గోళ్ల అంచుల్లో నూనె చుక్కలు వేసింది. మళ్లీ ముంచింది.

దాదీ పక్కన చతికిలబడింది. "నేనే అంటిని, తీసి పక్కన పెట్టొచ్చని. నా నోట్ల మన్ను వడ!"

"మీకేం తెలుసు అమ్మా, గమ్ము గింత గట్టిదని? పెట్టెల ఉన్నదాన్ని చూసి ఎవరు చెప్తరు?" అంది అమ్మీ.

ఇంట్లో మూడు రోజులుగా వినబడని మెత్తదనం ఆ గొంతులో వినబడింది. దాదీ కొంగుతో నౌషీన్ కళ్లు తుడిచింది. "నమాజుకు టైం ఉన్నది. పరేషాన్ కాకు. ఇవి ఊడినంక ఇద్దరం కలిసి చదువుదాం."

నీళ్లు చల్లారితే అమ్మీ మళ్లీ వెచ్చనివి పోసింది. ఒక వేలి గోరు కొంచెం కదిలింది.

"గుంజాల్నా అమ్మీ?"

"గుంజకు. నాననియ్యి."

పాటలు మారాయి. విస్తర్లు పరిచారు. కొన్ని వరుసల వాళ్లు తిని లేచారు. అప్పటికి నీళ్లలో ఒక్కొక్కటే గోరు జారి గిన్నె అడుగుకు చేరింది. ఈసారి పొర లేవలేదు. ఉంగరపు వేలి కొత్త గోరు ఉన్నది ఉన్నట్టే ఉంది. చిటికెన వేలు ఒక్కటే ఎర్రగా మిగిలింది.

దాదీ, నౌషీన్ ఇంటికి పోయి వజూ చేసి నమాజు చదివి వచ్చాక అందరూ రోడ్డు మీదే వరుసలో కూర్చున్నారు. అబ్బా, ఆమెర్, అమ్మీ, దాదీ, మధ్యలో నౌషీన్. ఆమెర్ తన విస్తరిలోని గుడ్డు తీసి చెల్లెలి విస్తరిలో వేశాడు. ఏమీ ఎరగనట్టే అటు తిరిగి తినసాగాడు.

నౌషీన్ రెండు ముద్దలు తిని ఆగింది.

"ఖాలా నికాకు నేను ఉత్త గోర్లతోనే వస్త," అంది మెల్లగా.

పాటల హోరులో కూడా నలుగురికీ ఆ మాట వినబడింది. అబ్బా తల ఊపాడు.

"ఎవరన్న చూసి, గీ గోర్లేందే అని అడిగితే?" అన్నాడు ఆమెర్. ఈసారి వెక్కిరింపు లేదు.

నౌషీన్ ఎడమచేతి వేళ్లు విప్పి చూసుకుంది.

"పెరుగుతున్నయ్ అని చెప్త."