నాలుగు నిమిషాల్లో నలుగురు

నర్సమ్మ వస్తూనే కుర్చీలో కూలబడింది. ఇచ్చిన మంచినీళ్లు గడగడా తాగేసింది.

"తొమ్మిదేళ్లుగా మా వీధి ఈమెయిల్ లిస్టు నడుపుతున్నానమ్మా. నీళ్లు రాకపోయినా, పిల్లి తప్పిపోయినా అందులోనే రాసుకుంటాం. వీధిలోకి బండ్లు రానివ్వకూడదని సోమవారం రాశాను. నలుగురు కాదన్నారు. ఆ మధ్యాహ్నమే ఆ నలుగురి పేర్లూ లిస్టులోంచి ఎగిరిపోయాయి! కక్షకొద్దీ నేనే తీసేశానంటున్నారు. సాయంత్రం మీటింగులో నన్ను తప్పిస్తారట. పదవి పోతే పోనీ, ఈ మాట పడి వీధిలో ఎలా తలెత్తుకు తిరగను?"

ఎదురుగా కూర్చున్న అపరాధ పరిశోధకురాలిని ఊరంతా వదిన అంటుంది. నిజానికి ఆమె ఒక్కరికే వదిన, నోట్‌బుక్ పట్టుకున్న సహాయకురాలికి. ఈ ఆడపడుచుకి వదిన తుమ్మినా తెలివిగానే కనిపిస్తుంది.

"రికార్డులో ఏముంది?" అంది వదిన.

"'సభ్యులే తప్పుకున్నారు' అనుంది. మూడూ పది నుంచి మూడూ పద్నాలుగు లోపల నలుగురూ. వాళ్లేమో అసలేమీ నొక్కలేదని ఒట్టేస్తున్నారు."

నర్సమ్మ సోమవారం పంపిన ఉత్తరాన్ని వదిన చివరిదాకా చదివింది. అడుగున చిన్న అక్షరాల్లో 'ఇకపై ఉత్తరాలు వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి' అని ఉంది.

"ఈ లింకు అందరికీ ఒకటేనా?"

"కాదమ్మా, ఎవరిది వాళ్లకే."

నలుగురిలో ఒకరైన లెక్కల మాస్టారు తన గుమ్మంలో వదినని, ఆడపడుచుని చూడగానే చిటపటలాడాడు. "బండ్లు ఆపేస్తే వాచీల బాబాయ్ కొట్టుకి ఎవరొస్తారండీ? పాపం, ఆయన లిస్టులో కూడా లేడు. ఆ ఉత్తరం నేనే ఆయనకి పంపాను." మిగతా ముగ్గురూ అచ్చం ఇదే మాటన్నారు.

కొట్టులో బాబాయ్ ఒక వాచీని చెవి దగ్గర పెట్టుకున్నాడు. బయట లారీ హారన్ మోగింది. విసుక్కుని దించి, మళ్లీ పెట్టుకున్నాడు.

"సోమవారం ఒకే ఉత్తరం నాలుగుసార్లు వచ్చిందమ్మా, ప్రాణం విసిగింది. ఇప్పుడు హాయిగా ఉంది," అన్నాడు. వదిన నవ్వి, ఆయన్నీ మీటింగుకి రమ్మంది.

సాయంత్రం గ్రంథాలయం కిటకిటలాడుతోంది. వదిన లేచి నిలబడింది.

"నాలుగిళ్లలో ఉన్న నలుగురి పేర్లూ నాలుగు నిమిషాల్లో పోయాయంటే, నొక్కిన చేయి ఒకటే. మీకొచ్చిన ఉత్తరాన్ని ఇంకొకరికి పంపితే, అడుగున ఉన్న మీ లింకు కూడా వెళ్తుంది. అవతలివాళ్లు దాన్ని నొక్కితే పోయేది మీ పేరు! మరి మీ నలుగురూ ఎవరికి పంపారు?"

అందరి తలలూ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి.

"అయ్యో! నాకు రాకుండా ఆగుతాయనుకున్నాను తల్లీ. నాలుగుసార్లూ నేనే నొక్కాను!" అన్నాడు బాబాయ్.

మాస్టారు తల వంచుకున్నాడు. "నర్సమ్మగారూ, నోటికొచ్చినట్టు అన్నాం. క్షమించండి. లిస్టు మీరే నడపాలి."

నర్సమ్మకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. అక్కడే లాప్‌టాప్ తీసి, నాలుగు కాదు, ఐదు పేర్లు చేర్చింది. "ఇన్నేళ్లలో మిమ్మల్ని చేరమని ఒక్కసారీ అడగలేదు బాబాయ్‌గారూ. ఆ తప్పు మాత్రం నాదే."

బాబాయ్ ఫోను తీసి ఒక్క వేలితో చాలాసేపు కొట్టాడు. గదిలో ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి.

'బండ్లు ఆపేయండి బాబూ. ఈ రొదలో వాచీ చప్పుడు సరిగ్గా విని ఎన్నేళ్లయిందో. నన్నడిగితే ఎప్పుడో చెప్పేవాణ్ణిగా!'