తువ్వాలు కింద మూడు వేళ్ళు

"ఆ ముసలాయన మన గడ్డ మీద చావకూడదు. ఆయన పోతే వాళ్ళ పార్లమెంటు కూడా పోయినట్టే," అన్నాడు చీఫ్ రామచంద్రమూర్తి.

చిలకలూరిపేట ట్రావెలర్స్ బంగళా. 1986 మార్చి, పొద్దున ఏడు గంటలు. ఎదురుగా ఏజెంట్ యేసుపాదం. నెత్తిన తలపాగా, చెవిలో బీడీ, భుజాన తువ్వాలు. మిర్చి బ్రోకరు వేషం.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో అయిపోయింది. కెరోలా దీవుల ప్రెసిడెంటు, తనకి నచ్చనప్పుడల్లా పార్లమెంటును రద్దు చేసే అధికారం కావాలంటున్నాడు. పార్లమెంటేమో ఆయన్నే దించెయ్యాలని తీర్మానం పెట్టింది. ఇరవై ఎనిమిది ఓట్లు కావాలి, ఇరవై ఏడున్నాయి. మిగిలిన ఆ ఒక్క ఓటూ అప్పాడు సోమన్నది. ఆయన ముత్తాత గుంటూరు జిల్లా నుంచి మద్రాసు పోయి ఓడెక్కి ఆ దీవులకి పోయిన కూలీ. ఓటు వేసేలోపు ముత్తాత నేల ఒకసారి చూసుకోవాలని ముసలాయన వచ్చాడు. ఇవాళ మిర్చి యార్డు చూసి, రాత్రికి మద్రాసులో విమానం ఎక్కాలి.

"యార్డులోనే కాలుస్తారు. ఏ షెడ్డులోంచో నజీరా చెబుతుంది."

నజీరా! ప్రెసిడెంటు ముఠా నాయకుడు కోలిన్‌కి సెక్రటరీ. నల్లద్దాలు, ఆకుపచ్చ షిఫాన్ చీర. నిజానికి మన మనిషి. ఇదే పేటలో జిన్నింగు మిల్లులో పత్తి మోసిన బుడాన్ కూతురు. ఆమెతో చెప్పాల్సిన మాట ఒకటి పదేళ్ళుగా యేసుపాదం గొంతులోనే ఉంది. సర్వీసు రూల్సు ఒప్పుకోవనేవాడు. రూల్సూ లేదు, గీల్సూ లేదు, ఉత్త పిరికితనం.

పదకొండింటికి యార్డులో ఘాటు నషాళానికి అంటుతోంది. జర్మనీ నుంచి తెప్పించిన ట్రాన్స్‌మిటర్ పెన్ను మిరపదుమ్ము తిని మూగబోయింది. ఇక మిగిలింది రెండో ప్లాను. అది హైదరాబాదు ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని యేసుపాదమే రాశాడు. యార్డులో ధర పైకి చెప్పరు, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడతారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్నో నంబరు షెడ్డు.

నజీరా వచ్చింది. పది అడుగుల వెనక కోలిన్.

"ఏం రేటయ్యా?" అంది పైకి.

"పట్టుకు చూడమ్మా."

తువ్వాలు కింద ఆమె వేళ్ళు చల్లగా తగిలాయి. అతని మూడు వేళ్ళు పట్టుకుంది. తర్వాత కూడా ఒక్క క్షణం వదల్లేదు.

"ఏందిరోయ్, ఆడమనిషి బేరానికి దిగింది!" అని అరిచాడు ఓ హమాలీ. యార్డంతా ఘొల్లుమంది. అందరితోపాటు కోలిన్ కూడా ఇటు తిరిగాడు.

యేసుపాదానికి అప్పుడు తట్టింది. ఈ యార్డులో ఆడవాళ్ళు తువ్వాలు కింద చెయ్యి పెట్టరు. ఆ సంగతి ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ప్లాను రాసినవాడు మర్చిపోయాడు.

అటు సోమన్న దోసిట్లో మిరపకాయలు పట్టుకుని వాసన చూస్తున్నాడు. మూడో షెడ్డులో బస్తాల గుట్ట మీద తుపాకీ గొట్టం మెరిసింది. ఇక్కడ ఆగితే ముసలాయన ఉండడు. యేసుపాదం ఆమెను వదిలి పరుగెత్తాడు. హమాలీ చేతిలో కొక్కెం లాక్కుని అడుగు బస్తాని ఒక్క గుంజు గుంజాడు. గుట్ట కూలింది. తూటా పైన రేకుకి తగిలింది, కాల్చినవాడు బస్తాల కింద పడ్డాడు.

అప్పుడే వెనక ఇంకో తూటా పేలింది.

హమాలీలు పిస్తోలుతో ఉన్న కోలిన్‌ని నేలకేసి తొక్కిపట్టారు. నజీరా ఎర్రటి కాయల మీద పడి ఉంది.

"తెలిసే చెయ్యి పెట్టావా?" అన్నాడు యేసుపాదం, పక్కన కూలబడి.

"ఇంకెట్టా చెప్పేది? నువ్వు మర్చిపోయావు పాదం... ముసలాయన?"

"బతికాడు."

"మరింకేం," అంది. అంతే.

చెప్పాల్సిన మాట అప్పుడు చెప్పాడు యేసుపాదం. వినడానికి ఆమె లేదు.

నాలుగో రోజు బంగళాకి టెలిగ్రాం వచ్చింది.

"తీర్మానం నెగ్గింది. ప్రెసిడెంటు దిగిపోయాడు. ఇరవై ఎనిమిదీ సరిగ్గా సరిపోయాయి," అన్నాడు చీఫ్.

"ఇరవై తొమ్మిదండి. ఒకటి మన యార్డులో పడింది."

చీఫ్ టెలిగ్రాం మడిచి ఫైల్లో పెట్టి, అతని వైపు చూశాడు.

"ఆ కళ్ళేంటయ్యా?"

"మిర్చి ఘాటండి."

బంగళాలో ఊరగాయ జాడీ కూడా లేదు. అయినా చీఫ్ రిపోర్టులో ఏజెంటు ఎర్రకళ్ళకి అదే కారణం రాసి, సంతకం పెట్టాడు.